ఆరో పేలుడు

కందసామి గుంపులో పెద్దరికం చెవుల్లో ఉండేది. మీసాల్లో కాదు, వయసులో కాదు, కండల్లో అసలే కాదు. కోవిల్‌పట్టి చుట్టూ నల్లరేగడి చేలల్లో బావులు తవ్వి బతికే ఆ పాతికమందిలో ఎవరి చెవులు గట్టివైతే వాళ్ళే పెద్ద. బావి అడుగున రాయి తగిలాక పనంతా తుపాకిమందుతోనే కదా. రాతిలో ఆరు బొక్కలు తొలుస్తారు. ఆరింటిలోనూ మందు దట్టించి, ఒక్కోదానికి ఒక్కో పొడుగు వత్తి పెడతారు, ఒకదాని తరవాత ఒకటి పేలాలని. పెద్ద పైన నిలబడి లెక్కపెడతాడు. ఆరు వినబడితే "ఆరు" అంటాడు, మనుషులు గునపాలు పట్టుకుని దిగుతారు. అయిదే వినబడితే ఒక బొక్కలో మందు నిద్రపోయిందని అర్థం. నిద్రపోయిన మందు మీద గునపం పడితే ఎలా ఉంటుందో చూసి వచ్చి చెప్పినవాడు ఆ గుంపులో ఎవడూ లేడు.

లెక్కకు ఒక కట్టుబాటు ఉంది. అంకె పెద్ద నోటి నుంచే రావాలి. మిగతావాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే పెట్టుకోవచ్చు, పైకి మాత్రం అనకూడదు. నలుగురూ నాలుగు అంకెలు అరిస్తే దిగేవాడు ఎవరి మాట విని దిగాలి? ఏ తాతల కాలంలోనో తెలివైనవాడే పెట్టి ఉంటాడు ఆ నియమం. మంచి నియమమే, పెద్దకు చెవులున్నంతకాలం.

కందసామికి చెవులు పోయి ఏడాది దాటింది.

విరుదునగర్‌లో ఒక పత్తి వ్యాపారి తోటలో బావి తవ్వేటప్పుడు కుడి చెవి పోయింది. ఆ ఊరి పేరు మారి పదేళ్ళయినా అతని నోట్లో అది ఇంకా విరుదుపట్టే. అక్కడ ఒక వత్తి అనుకున్నదాని కంటే ముందే కాలింది. అతను గట్టు దగ్గరే ఉన్నాడు. మూడు రోజులు చెవిలో తేనెటీగలు తిరిగినట్టు ఉంది, తరవాత ఆ తేనెటీగలు కూడా చచ్చిపోయాయి. తోడు పోయిందని దిగులు పెట్టుకున్నట్టు ఎడమ చెవి కూడా నిరుటి పొంగల్ నాటికి మెల్లగా మూసుకుంది. పక్కన కూర్చుని గట్టిగా మాట్లాడితే వినబడుతుంది. పెదవులు చూస్తే సగం తెలుస్తుంది. ఏడు నిలువుల లోతు నుంచి వచ్చే పేలుడు మాత్రం ఎక్కడో దూరాన ఎవరో దుప్పటి దులిపినట్టు ఉంటుంది, ఒక్కోసారి అది కూడా ఉండదు.

ఆ సంగతి భార్య నాగమ్మాళ్‌కు ఒక్కదానికే తెలుసు. మందు పేల్చేటప్పుడు ఆమె అతని వెనకే నిలబడి, భుజం మీది తుండుగుడ్డ అంచు పట్టుకునేది. పేలుడు పేలుడుకూ ఒక్క గుంజు గుంజేది. గుంపులో ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ముప్పై ఏళ్ళు బావుల దగ్గర బతికిన ఆడది, ఇప్పుడు చప్పుడుకు భయపడి మొగుడి గుడ్డ పట్టుకుంటోందట! ముసలి ఇసక్కి అయితే "కొత్త పెండ్లికూతురు వచ్చెనమ్మా" అని మొహం మీదే అనేది. నాగమ్మాళ్ సిగ్గుపడినట్టు నటించేది. ఆ నటనకు ఊళ్ళు తిరిగే నాటకాలవాళ్ళు కూడా దండం పెట్టాల్సిందే.

ఎందుకు దాచాడంటే, తన తండ్రి ఇరుళప్పన్‌ను చూశాడు కాబట్టి. ఆయనా పెద్దగా చేసినవాడే. చెవులు పోయాయని ఆయనే చెప్పుకుని దిగిపోయాడు. ఆ రోజు అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నెల తిరగకుండానే ఆయన్ను మేకల కాపలాకు పెట్టారు. పిల్లలు వెనక నుంచి బూతులు అరిచి, ఆయన తిరిగి చూడకపోతే పడీపడీ నవ్వేవాళ్ళు. కందసామి ఆ నవ్వులు విన్నాడు, అప్పట్లో అతనికి చెవులు బాగానే ఉండేవి. అంతకంటే చావే మేలనుకున్నాడు. చచ్చేది తనే కానక్కరలేదన్న సంగతి అతనికి తోచలేదు.

అది పంగుణి నెల, ఎండలు ముదిరిన రోజులు. కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై వెళ్ళే దారిలో గోవిందరాజ నాయకరు మిరప తోటకు బావి తవ్వుతున్నారు. ఆ పొద్దు తెల్లవారే రైల్లో విరుదునగర్ నుంచి అల్లుడు వచ్చి, కూతురు రాజమ్మాళ్‌కు నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు. తొలి కాన్పు. నాగమ్మాళ్ ఉన్నపళంగా బయలుదేరింది. పోయే ముందు మొగుణ్ణి గుడిసె వెనక్కి లాక్కుపోయి, ఎడమ చెవిలో నోరు పెట్టి చెప్పింది.

"ఇదో చూడయ్యా, నేను వచ్చేదాకా మందు ముట్టేది లేదు. బొక్కలు తొలస్తా ఉండండి, అంతే."

"సరి."

"సరి అని ఊరికే అనొద్దు. నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాడు, చెప్పాడు. ఆ క్షణాన నిజంగానే చెప్పాడు.

ఆమెను స్టేషన్ దారి దాకా సాగనంపి, రెండు మైళ్ళు నడిచి అతను తోటకు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కుతోంది. గట్టు మీద నాయకరు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కనే చేతులకు అంటిన మందు తుడుచుకుంటూ ముత్తుసామి. అతను కందసామి అక్క కొడుకు, ముప్పై ఏళ్ళవాడు. గుంపులో వత్తి ముట్టించే పని అతనిది. చీమ నడిచినా వినబడే చెవులు.

"మామా, ఆరు బొక్కలూ దట్టించేస్తిమి," అన్నాడు ముత్తుసామి, మెచ్చుకోలు కోసం చూస్తూ. "నువ్వు వచ్చేలోపల పని ముగించి పెడదామని."

కందసామి ఆ మాట పెదవుల మీదే చదివాడు. "ఎవరు దట్టించమనిరి? రేపు చూస్తాం."

నాయకరు దగ్గరికి వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కావడం కందసామి అదృష్టం. "రేపు అమాస. అమాస నాడు మందు పేల్చనని చెప్పేది నువ్వే గదరా? నిన్న రాతి పగుల్లో చెమ్మ కనబడింది. ఆడ మిరప నారు ఎండిపోతా ఉంది. ఈ వారంలో నీళ్ళు చూపించకపోతే విరుదునగర్ నుంచి యంత్రం పెట్టి తొలిచేవాళ్ళను పిలిపిస్తా. తరవాత నన్ను అనొద్దు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. బావులు తవ్వేవాడికి ఆ మాట మరీ బాగా అతుకుతుంది. దట్టించిన మందు ఆ చెమ్మలో రేపటిదాకా ఆగదు. తడిసిన మందు మరీ చెడ్డది, పేలుతుందో లేదో దానికే తెలియదు. ముత్తుసామి చేసింది పొరపాటే, కానీ ఆ పొరపాటును తిట్టడానికి కూడా టైము లేదు.

ఒక్క మాట చాలు. "ముత్తూ, ఇయ్యాల లెక్క నువ్వు పెట్టు." అంతే. తలనొప్పి అని చెప్పొచ్చు, కూతురి దిగులు అని చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ మాట కందసామి గొంతు దాకా వచ్చింది. కానీ నాయకరు చూస్తున్నాడు, గుంపంతా చూస్తోంది. ఈ రోజు లెక్క ఇచ్చినవాడు రేపు తిరిగి అడగగలడా? మేకల వెనక నడిచే తండ్రి వీపు కళ్ళ ముందు కదిలింది. పాదాల కింద నేల అదురుతుంది కదా, దాంతో లెక్కపెట్టుకోవచ్చు అనుకున్నాడు. మనిషి తనను తాను మోసం చేసుకోవాలంటే ఎంతో తెలివి అక్కరలేదు.

"ముట్టించు," అన్నాడు.

అందరూ తాటిచెట్ల వరుస వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. కందసామి ఒక్కడే చెప్పులు విడిచి, వాళ్ళకు ఇరవై అడుగులు ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెద్ద ఇవాళ ఇంత దగ్గరగా ఎందుకు నిలబడ్డాడని కొందరు అనుకునే ఉంటారు. అడిగిందెవరు? పెద్దల మాట చద్దిమూట. మూట విప్పి చూసే అలవాటు వాళ్ళకు లేదు.

ముత్తుసామి వత్తులు ముట్టించి, తాడు పట్టుకుని పాకి, మెట్లు ఎక్కి, గట్టు దాటి పరుగెత్తుకొచ్చి చెట్ల కింద కూలబడ్డాడు.

మొదటిది అరికాళ్ళకు బాగానే తెలిసింది. ఒకటి. రెండు. మూడోదానికి రాళ్ళు గట్టు పైకి ఎగిరాయి. నాలుగు. కాసేపు ఏమీ లేదు. కందసామి కాలివేళ్ళు నేలలో గుచ్చి పట్టుకున్నాడు. అయిదు, గట్టిగా. ఆ తరవాత నేల ఊరుకుంది. పొగ మాత్రం బావి నోట్లోంచి లేస్తోంది. ఆరోది వచ్చిందా? అయిదోదాని వెనకే తోకలాగా ఏదో అదిరినట్టుంది. అది పేలుడా, రాయి దొర్లిందా? తన కాళ్ళే వణికాయా?

వెనక్కి తిరిగి చూశాడు. పాతిక ముఖాలు అతన్నే చూస్తున్నాయి. ఒక్క పెదవీ కదలలేదు. కట్టుబాటు. సరిగ్గా అప్పుడే ముత్తుసామి లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. చివరిది పేలేదాకా వాడు ఎన్నడూ లేవడు, అందరికీ తెలిసిన సంగతే. అమ్మయ్య అనుకున్నాడు కందసామి.

"ఆరు!"

ముత్తుసామి ఒక్క క్షణం నిలబడి మామ ముఖంలోకి చూశాడు. తరవాత గునపం భుజాన వేసుకుని నడిచాడు. అతని వెనక వెళ్ళైసామి. వెళ్ళైసామి కందసామికి తమ్ముడు, చేతుల మీద పెంచిన తమ్ముడు. ఇద్దరూ గట్టు దాటి, పొగలో తలలు దాచుకుని రాతి మెట్లు దిగసాగారు. నాలుగు నిలువుల వరకు మెట్లు, ఆ కింద తాడు.

ఆడవాళ్ళు రాళ్ళు మోసే గంపలు పట్టుకుని లేచారు. ఒక్క మనిషి లేవలేదు. వెళ్ళైసామి భార్య సుబ్బమ్మాళ్. ఆమెకు ఆరో నెల. వేళ్ళ గీతల మీద లెక్కపెట్టుకున్న చెయ్యి ఇంకా ఒడిలోనే ఉంది. బొటనవేలు ఉంగరపు వేలి నడిమి గీత మీద నొక్కి ఉంది. చిటికెన వేలి మీద మూడు గీతలు, ఉంగరపు వేలి మీద రెండు. అది అయిదు. బొటనవేలు ఆరో గీత మీదికి పోలేదు. ఆమె బావి నోటి వైపు చూస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కందసామి ఆ బొటనవేలినే చూశాడు, గీతలు లెక్కపెట్టాడు.

దగ్గరికి వెళ్ళాడు. "సుబ్బమ్మా, ఎన్ని వింటివి?"

ఆమె గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. పెళ్ళై వచ్చిన నాలుగేళ్ళలో మొగుడి అన్నతో ఆమె ఒక్క మాట మాట్లాడి ఎరగదు, ఎదురుగా నిలబడి ఎరగదు. వాళ్ళలో మర్యాద అలాంటిది. దాని మీద లెక్క కట్టుబాటు ఒకటి. రెండు తాళాలు వేసిన నోరు ఒక్క మాటకు తెరుచుకుంటుందా?

"చెప్పమ్మా, నా తల్లి గదా. ఎన్ని?"

కొంగు వెనక పెదవులు కదిలాయో లేదో కూడా తెలియలేదు. వినబడడం మాట దేవుడెరుగు. నాయకరు గొడుగు ముడుస్తూ వస్తున్నాడు. "ఏమిరా, ఆడమనిషితో ఏం మాటలు? దిగిరి గదా వాళ్ళు, నీళ్ళు ఉండాయేమో అడుగు."

అప్పుడు సుబ్బమ్మాళ్ ఉలిక్కిపడింది. ఒళ్ళంతా ఎగిరిపడినట్టు ఉలిక్కిపడి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది. చెట్ల కింద ఉన్నవాళ్ళందరికీ వినబడిన ఆ చప్పుడు కందసామికి వినబడలేదు, ఆమె ముఖంలో కనబడింది. బావి అడుగున గునపం రాతికి తగిలింది.

అతను పరుగెత్తాడు. గట్టు మీద బోర్లా పడుకుని పొగలోకి అరిచాడు. "ముత్తూ! వెళ్ళైసామీ! మేలికి రాండి! పైకి రాండి! సీక్రం రాండి!"

కింద నుంచి ఏదో జవాబు వచ్చినట్టుంది. అతనికి తెలియలేదు. తల తిప్పి, పక్కకు వచ్చిన ఇసక్కిని చూశాడు. "ఏమంటాడు? వాడు ఏమంటాడు?"

ఇసక్కి వింతగా చూసింది. "నీకు వినబడలేదా? ఆరంటివి గదా, ఇబుడు ఏమి అని అడగతా ఉండాడు."

"ఎందుకురా వాళ్ళను ఆపతావు?" అని నాయకరు వెనక నుంచి భుజం పట్టుకున్నాడు.

కందసామి ఆ చెయ్యి విదిలించాడు. నాయకరు చెయ్యి విదిలించినవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అంతకు ముందు లేడు. రాతి మెట్ల మీద రెండేసి చొప్పున దిగుతూ, పొగకు దగ్గుతూ, పెద్దగా అరిచాడు. పైన ఉన్న పాతికమందికీ, నాయకరుకూ, కింద ఉన్న ఇద్దరికీ వినబడేలా అరిచాడు.

"నాకు చెవుల్లేవు! నేను లెక్క పెట్టలేదు! ఊరికే ఆరంటిని! గునపం కింద పెట్టి రాండిరా! కాళ్ళు పట్టుకుంటా, రాండి!"

తాడు బిగుసుకుంది. ముందు వెళ్ళైసామి తల కనబడింది, వెనక నుంచి అతన్ని తోస్తూ ముత్తుసామి. కందసామి తమ్ముడి జుట్టు పట్టుకుని మెట్టు మీదికి లాగాడు. ముగ్గురూ ఎలా ఎక్కారో, గట్టు ఎలా దాటారో వాళ్ళకే తెలియదు. చెట్ల దాకా పరుగెత్తి పడ్డారు. అందరూ చెవులు మూసుకున్నారు. కందసామి మూసుకోలేదు, మూసుకుని ఏం లాభం?

ఏమీ పేలలేదు. పొగ సన్నబడింది. సుబ్బమ్మాళ్ మొగుడి పాదం పట్టుకుని కూర్చుంది, వదలమంటే వదలలేదు.

మొదట నోరు తెరిచింది నాయకరే. "చెవిటివాడి చేతిలో నా బాయి పెట్టిరా? ఎన్నాళ్ళ నుంచిరా ఇది?"

"ఏడాది దాటింది సామీ."

ఆ మాటకు గుంపులో కలకలం రేగింది. ఏడాదిలో ఎన్ని బావులు, ఎన్ని పేలుళ్ళు! ఒక్కొక్కరూ తాము దిగిన బావులు తలుచుకున్నారు. నాగమ్మాళ్ గుడ్డ పట్టుకోవడం ఇసక్కికి ఇప్పుడు అర్థమైంది. ఆమె నోరు నొక్కుకుంది. కందసామి తలెత్తలేదు. అతని సిగ్గు చెప్పతరం కాదు, కానీ సిగ్గు కంటే పెద్ద పని ఒకటి మిగిలి ఉంది.

"అందరూ చెప్పండి," అన్నాడు. "కట్టుబాటు లేదు, ఏమీ లేదు. ఎవరెవరు ఎన్ని వింటిరి? చేతులు ఎత్తి చూపించండి. నాకు కనబడేలా."

ముందు ఎవరూ ఎత్తలేదు. తరవాత ఇసక్కి ఎత్తింది. అయిదు వేళ్ళు. సుబ్బమ్మాళ్ తల వంచుకునే ఎత్తింది. అయిదు. అటు పక్క మరో నలుగురు. అయిదు, అయిదు, అయిదు. ఒకడు ఆరు చూపించి, చుట్టూ చూసి, మెల్లగా ఒక వేలు ముడుచుకున్నాడు. చివరికి ముత్తుసామి మిగిలాడు. మట్టి కొట్టుకున్న చెయ్యి ఎత్తాడు. అయిదు.

కందసామి ఆ చెయ్యి వైపే చూశాడు. "నువ్వు అయిదే వింటివా? మరి ఎందుకు లేస్తివిరా?"

"చీమలు, మామా. నేను కూర్చున్న చోట చీమల పుట్ట. కుట్టి చంపేసె."

"అయిదు విని ఎట్ల దిగితివి? నా తమ్ముణ్ణి వెంట పెట్టుకుని ఎట్ల దిగితివిరా?"

ముత్తుసామి దగ్గరికి వచ్చి, మామ ముఖానికి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "నువ్వు ఆరంటివి. నా చెవి తప్పు విన్నదేమో అనుకుంటిని. నీకంటే నాకు బాగా వినబడుతుందా అనుకుంటిని."

కందసామి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. తండ్రి మేకల వెనక నడిచినందుకు తను ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాడు. ఆయన పెద్దరికంలో ఒక్క మనిషి పోలేదు, అందుకే మేకలు కాసుకుంటూ ప్రశాంతంగా పోయాడు. ఆ సంగతి ఇన్నేళ్ళకు, ఇద్దరి ప్రాణాలు గునపం మొన దాకా పోయి వస్తే గాని అర్థం కాలేదు. ఎవరూ అతన్ని ఓదార్చలేదు. ఓదార్చవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

నాయకరు గొడుగు కొనతో నేల గీస్తూ నిలబడ్డాడు. యంత్రం మాట మళ్ళీ ఎత్తుతాడనే అనుకున్నారు. "మనిషి చచ్చిన బాయి నీళ్ళు ఎవరు తాగుతారు? పోనీ, బతికిరి," అని మాత్రం అని, ఇంటికి వెళ్ళిపోయాడు.

నిద్రపోయిన మందును మర్నాడు అదే వేళ దాకా ముట్టుకోకూడదు. ఆ తరవాత ఒకడు నీళ్ళ కుండతో దిగి, బొక్కలో నీళ్ళు పోసి, మందు నానాక చెక్కతో గోకి తీయాలి. అది పెద్ద చేసే పని. మర్నాడు మధ్యాహ్నం కందసామి కుండ ఎత్తుకున్నాడు.

ముత్తుసామి అడ్డం నిలబడ్డాడు. "నువ్వు కూర్చో మామా."

"ఆరన్నది నేను. నేనే దిగతా."

"లోపల వత్తి బుస కొడితే నీకు వినబడుతుందా?"

వినబడదు. కుండ ముత్తుసామి చేతిలోకి పోయింది. కందసామి గట్టు మీద కూర్చున్నాడు. లోపల ఏం జరుగుతోందో అతనికి ఒక్క ముక్క తెలియదు. ఇసక్కి ముఖం చూశాడు, వెళ్ళైసామి ముఖం చూశాడు. వాళ్ళ కళ్ళలో వెతుక్కోవడం తప్ప చేయగలిగింది లేదు. ఏడాదిగా వాళ్ళు తన ముఖం చూసి ఎలా బతికారో ఆ అరగంటలో తెలిసింది.

ముత్తుసామి పైకి వచ్చి తాటాకు దొన్నె నేల మీద పెట్టాడు. అందులో నల్లటి ముద్ద, సగం కాలిన వత్తి. "అయిదో బొక్క. వెళ్ళైసామి గునపం పడిన చోటికి జానెడు దూరం."

వెళ్ళైసామి ఆ ముద్దను చూసి, చెట్టు వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు.

కందసామి నడుము నుంచి, పెద్దరికానికి గుర్తుగా కట్టుకునే మందు సంచీ విప్పి, మేనల్లుడి ముందు పెట్టాడు. ముత్తుసామి దాన్ని వెంటనే తీసుకోలేదు.

"నేనూ తప్పు చేసినవాణ్ణే," అన్నాడు అందరి వైపూ తిరిగి. "చెవి ఉండి నోరు మూసుకుంటిని. ఇకమీద పేలినప్పుడల్లా అందరూ అంకె పైకి చెప్పాల. అంకెలు కలవకపోతే దిగేది లేదు. నేను తప్పంటే తప్పు అని నా మొహం మీదే చెప్పాల. అట్ల అయితేనే ఇది తీసుకుంటా."

తలలు ఊగాయి. ఊపడానికేం, తల ఎవరైనా ఊపుతారు. ముత్తుసామి సంచీ నడుముకు కట్టుకున్నాడు. అంతలోనే నాయకరు వచ్చి, బావి వైపు చూస్తూ నిలబడ్డాడు. కొత్త పెద్దకు ఉత్సాహం పొంగుకొచ్చింది. గొంతు పెంచి, "సామీ, ఆ బొక్కలోనే కొత్త మందు దట్టించి తెల్లవారేసరికి పేలుస్తాం. రేపే నీళ్ళు చూస్తారు!" అన్నాడు.

అందరూ ఊరుకున్నారు. అప్పుడు తాటిచెట్ల వైపు నుంచి ఒక మనిషి లేచింది. సుబ్బమ్మాళ్. కొంగు నోటికి అడ్డం లేదు. పొట్ట మీద ఒక చెయ్యి, రెండో చెయ్యి బావి వైపు చూపిస్తోంది. ఏదో అంటోంది. చిన్న మాటే, నాలుగైదు ముక్కల కంటే ఉండదు.

ముత్తుసామి ముఖం ఎర్రబడింది. నాయకరు ఎదురుగా, పెద్దరికం వచ్చి చేతులు కూడా ఆరని సమయంలో, ఒక ఆడమనిషి అడ్డం చెప్పింది. కసురుదామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది, కాసేపటికి మూసుకుంది. అతను నాయకరు వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించాడు. బొక్క తడిగా ఉంది, ఎండడానికి ఇంకా రెండు రోజులు.

సుబ్బమ్మాళ్ ఏమన్నదో కందసామికి వినబడలేదు. ముత్తుసామి నోరు మూసుకోవడం మాత్రం కనబడింది. కందసామి లేచి, బావికి వీపు తిప్పి, అన్నం తినడానికి గుడిసె వైపు నడిచాడు.